క్షురికాచరిత్రము: ఇంజెక్టరు రేజరు ప్రాతది మేలా, క్రొత్తది మేలా?

ఏ వృత్తియొక్క చరిత్రమైనను ఆ వృత్తి పనిముట్ల చరిత్రముతో పెనవైచికొని యుండును. మగ్గమును విడిచి సాలెవారి చరిత్రమును, కొలిమిని విడిచి కమ్మరివారి చరిత్రమును వ్రాయ శక్యము గాదు. అట్లే కత్తిని విడిచి మన క్షురకవృత్తి చరిత్రమును వ్రాయజాలము. మన పెద్దలు కులోత్పత్తిని గూర్చియు, నాటువైద్యమును గూర్చియు, మంగళవాద్యమును గూర్చియు ముచ్చటించినంతగా పొదిలోని కత్తిని గూర్చి ముచ్చటింపలేదు. ఆ కొఱతను కొంతవఱకు తీర్చుట యీ వ్యాసమునకు మొదటి ప్రయోజనము.

రెండవ ప్రయోజన మొకటి కలదు. ఇటీవల మన యువకులలో కొందఱు, విదేశములందున్న మన బంధువులలో మఱికొందఱు, ఇంజెక్టరు రేజరు అను నొక తెఱగు క్షురికపై మక్కువ గొని, అరువదియేండ్ల నాటి ప్రాతదానిని వెదకి కొనుటయా, నేడు క్రొత్తగా చేయబడుచున్నదానిని కొనుటయా యని సంశయించుచు, మమ్ము అడుగుచున్నారు. గొరుగుట మన కులవిద్య గావున పదిమంది మనలను అడుగుట సహజము. అడిగినవారికి తెలిసి చెప్పుట మనకు మర్యాద. ఊరక "ప్రాతది బంగారము" అనుటయు, "క్రొత్తది మేలు" అనుటయు చెల్లదు. దాని పుట్టుపూర్వోత్తరములు తెలిసినగాని గుణదోషములు తెలియవు.

క్షురశబ్దము

క్షురమను శబ్దము మిక్కిలి ప్రాచీనమైనది. గీయుట, గీకుట యను నర్థముగల ధాతువునుండి యిది పుట్టినదని వ్యాకర్తలు చెప్పుదురు. ఋగ్వేదమునందే ఈ శబ్దము కలదు. గడ్డము గొరుగు వప్తయు అందు పేర్కొనబడెను. గ్రీకుభాషలో కత్తికిగల క్స్యురాన్ అను పేరు మన క్షురమునకు తోబుట్టువని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. అనగా ఆ రెండు జాతుల పూర్వులు విడిపోకమునుపే క్షురము వారికి తెలిసియుండెనన్నమాట. కఠోపనిషత్తు ఆత్మజ్ఞానమార్గమును క్షురధారతో పోల్చినది. చూపునకు అందనంత సన్ననిదియు, తప్పిన యడుగును మన్నింపనిదియునైన వస్తువు క్షురధారకంటె వేఱొకటి ఆ ఋషికి తోపకపోవుట గమనింపదగినది. అమరసింహుడు తన కోశమునందు క్షురి, దివాకీర్తి, నాపితుడు మున్నగు పేరులను మనకిచ్చెను. శాక్యుల క్షురకుడైన ఉపాలి బుద్ధభగవానుని శిష్యుడై, రాజగృహమున జరిగిన ప్రథమసంగీతియందు వినయమును వల్లించిన మహనీయుడని బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి.

ఈ సుదీర్ఘకాలమంతటను కత్తి స్వరూపము పెద్దగా మాఱలేదు. ఒక యలుగు, ఒక పిడి, నూరుటకొక రాయి, పదును తీర్చుటకొక తోలుపట్టె. మిగిలినదంతయు చేతినేర్పే. కత్తి చెడ్డదైనను చేయి మంచిదైనచో పని సాగెను. చేయి చెడ్డదైనచో ఎంతటి కత్తియు రక్షింపలేదు. ఈ సత్యమును తలక్రిందులు చేయవలెనని పాశ్చాత్యులు పూనుకొనుటతో క్రొత్తచరిత్రము మొదలైనది.

కాపుదల గల కత్తి

ఫ్రాన్సు దేశమున జాన్ జాక్ పెరే అను కత్తుల పనివాడు పదునెనిమిదవ శతాబ్దమున వడ్రంగి చిత్రికను చూచి యొక యుక్తి పన్నెను. చిత్రికలో అలుగు కొంచెము మాత్రమే వెలికి వచ్చి కొయ్యను పలుచగా గీయును గాని లోతుగా దిగదు. అట్లే కత్తికి కొయ్యతొడుగు వేసి అంచు కొంచెముగా వెలికి నిలిపినచో చర్మము తెగదని అతడు తలచెను. తమ గడ్డము తామే గొరుగుకొను విద్యను నేర్పుటకు గ్రంథమును గూడ వ్రాసెను. దాని పేరునందే ఆ యుద్దేశము స్పష్టముగా నున్నది. క్షురకుని అవసరము లేకుండ చేయుటయే ఆదినుండియు ఈ కాపుదలకత్తుల పరమార్థమని మనవారు గుర్తింపవలెను.

1847లో ఇంగ్లండున విలియం హెన్సన్ అలుగును పిడికి అడ్డముగా, తోటపనివాని పారవలె అమర్చెను. 1880లో అమెరికాయందు కాంఫే సోదరులు స్టార్ అను పేరుతో సేఫ్టీరేజరునకు హక్కుపత్రము పొందిరి. దానియందును అలుగు దళసరిదే. మరల మరల పదును పెట్టుకొనవలసినదే. ఆ శ్రమనుగూడ తొలగించినవాడు కింగ్ క్యాంప్ గిల్లెట్. పలుచని ఉక్కురేకును చౌకగా చేసి, మొద్దువోగానే పారవేయవచ్చునని అతని యూహ. అంత పలుచని ఉక్కును గట్టిపఱచి పదును పెట్టుట అసాధ్యమని పలువురు చెప్పగా, విలియం నికర్సన్ అను యంత్రశిల్పి దానిని సాధించెను. 1903లో వారు అమ్మినవి 51 రేజరులు, 168 బ్లేడులు మాత్రమే. హక్కుపత్రము 1904లో లభించెను. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున ప్రవేశించినపుడు ప్రభుత్వము సైనికులకొఱకు సుమారు 35 లక్షల రేజరులను కొనెను. యుద్ధమునుండి మరలివచ్చినవారు నిత్యము తమ గడ్డమును తామే గొరుగుకొను అలవాటును ఇంటికి తెచ్చుకొనిరి. పాశ్చాత్యదేశముల మంగలి అంగళ్ళయందు గడ్డపుపని సన్నగిల్లుటకు ఇదియొక ముఖ్యకారణము.

జేకబ్ షిక్ – ఇంజెక్టరు పుట్టుక

గిల్లెట్ రేజరునందును ఒక చిక్కు మిగిలెను. బ్లేడు మార్చునపుడు రెండంచుల పదునుగల పలుచని రేకును వ్రేళ్ళతో పట్టుకొనవలెను. తడిచేతులతోడను, చీకటిగదులలోను ఇది ప్రమాదకరము. అమెరికా సైన్యమున ఉద్యోగియై, అలాస్కా శీతలప్రాంతములందు తిరిగిన జేకబ్ షిక్ (1877–1937) దీనికి ఉపాయము కనుగొనెను. తుపాకియందు పేటికలోని గుండ్లు ఒకదానివెంట నొకటి వచ్చి నిలుచునట్లు బ్లేడులును ఏల రాకూడదని యాతడు తలచెనని చెప్పుదురు. 1926లో మ్యాగజైన్ రిపీటింగ్ రేజర్ కంపెనీ అను పేరుతో ఆతని రేజరు వెలువడెను. మొదటి రకములలో బ్లేడులు పిడిలోననే యుండెను. 1930 దశకపు మధ్యభాగమునకు బ్లేడుల పేటిక పిడినుండి వేఱై, నేడు మనమెఱిగిన ఇంజెక్టరు రూపము స్థిరపడెను. షిక్ మాత్రము అంతకుముందే ఆ వ్యాపారమునందలి తన భాగమును అమ్మివేసి, నీరును సబ్బును అక్కఱలేని విద్యుత్ క్షురికపై మనసు నిలిపి, 1931లో దానిని విపణికి తెచ్చెను. ఇంజెక్టరునకు తన పేరునిచ్చిన పురుషుడు దానిని విడిచి పోవుట చరిత్రమునందలి వింతలలో నొకటి.

ఇంజెక్టరు పనిచేయు విధ మెట్టిదనగా: రేజరు తల యొక ప్రక్క సన్నని సందు కలిగియుండును. బ్లేడుల పేటికకు తాళపుచెవి వంటి చిన్న లోహపునాలుక కలదు. దానిని సందున దూర్చగానే లోపలి స్ప్రింగు సడలును. పేటికమీది మీటను త్రోసినంతనే క్రొత్తబ్లేడు లోనికి జరుగును. ప్రాతబ్లేడు రెండవప్రక్కనుండి వెలికి పోవును. నాలుకను తీసివేయగానే స్ప్రింగు బ్లేడును బిగబట్టును. ఆద్యంతములందు చేయి పదునును తాకదు. ఈ బ్లేడునకు ఒక యంచుననే పదును. దళసరి ఇంచుమించు మిల్లీమీటరులో నాలుగవవంతు; గిల్లెట్ తెఱగు బ్లేడు మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే. కావున ఇంజెక్టరు బ్లేడు వెండ్రుకకు తగిలినపుడు వంగి అదరదు. మన కత్తి పట్టిన చేతికి ఇది కొంత పరిచితముగా తోచుటకు కారణ మీ గట్టితనమే.

1946లో ఎవర్‌షార్ప్ సంస్థయు, 1970లో వార్నర్–లాంబర్ట్ సంస్థయు ఈ వ్యాపారమును చేపట్టినవి. 1960 దశకారంభమున తుప్పుపట్టని ఉక్కుబ్లేడులు వ్యాపించినవి. 1971లో గిల్లెట్‌వారి జంటబ్లేడు రేజరు, ఆ దశకమధ్యమున ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు రేజరులు వచ్చుటతో ఇంజెక్టరు వెనుకబడెను. అయినను అంతరింపలేదు. బ్లేడుల తయారీ కొలదిగానైనను నిలిచియుండుటచేత, 2010 దశకమున అమెరికాలోని సప్లై వంటి సంస్థలు అదే బ్లేడు పట్టునట్లు నిండుక్కుతో క్రొత్త రేజరులను చేసి అమ్మసాగినవి. నేటి సంశయము అక్కడ పుట్టినది.

ప్రాతదాని గుణదోషములు

ప్రాత ఇంజెక్టరులను సేకర్తలు ఆంగ్లాక్షరముల వరుసను బట్టి పేర్కొందురు: ఇ రకము, జి రకము, ఐ రకము ఇత్యాదిగా. వీనిలో రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు ఇ రకమును, యుద్ధానంతరపు జి రకమును మిక్కిలి ఆదరము పొందినవి. తల ఇత్తడిది, దానిపై బంగారుపూతయో, నికెలుపూతయో యుండును. పిడి తఱచుగా ఆనాటి బేకలైటు వంటి ప్లాస్టిక్కు. తరువాతి రకములలో కొన్నిటికి మీట నొక్కి తలను కొంచెము తెఱచి నురుగును కడుగుకొను సౌకర్యము కలదు. చర్మమునకు తగినట్లు బ్లేడు చొరవను హెచ్చించి తగ్గించు చక్రముగల రకమును తరువాత వచ్చెను.

వీని మొదటి గుణము, లక్షలకొలది చేయబడి, లక్షలమంది చెంపలపై పరీక్షింపబడియుండుట. బ్లేడునకును కాపుపట్టెకును నడుమ నెంత సందుండవలెనో, తల ఎంత వంపుండవలెనో ఆ సంస్థ యేండ్లతరబడి దిద్దుకొనెను. రెండవది, తేలికదనము, చేతికి బ్లేడు పోకడ చక్కగా తెలియును. మూడవది, ఆ తల చిన్నది గావున ముక్కుక్రింద, దవడ మూలలయందు సులభముగా తిరుగును.

దోషములును లేకపోలేదు. స్ప్రింగు లోహమే గదా. డెబ్బదియేండ్లు బిగిసియున్నది సడలవచ్చును. సడలిన స్ప్రింగు బ్లేడును ఒకప్రక్కకు జరుగనిచ్చును. జరిగిన బ్లేడు మూల చెంపను గీయును. ప్లాస్టిక్కుపిడి సన్నగా పగిలియుండవచ్చును. ఎవ్వరు వాడిరో తెలియదు. కావున కొనువారు ఈ క్రింది పరీక్షలను చేయవలెను.

తలను వెలుతురునకెత్తి, బ్లేడు వేసి, పదునంచు కాపుపట్టెకు సమదూరమున నున్నదో లేదో చూడవలెను. ఒకప్రక్క ఎక్కువగా, ఒకప్రక్క తక్కువగా నున్నచో ఆ రేజరు క్రిందపడి వంగినదని తెలిసికొనవలెను. పేటికనాలుకను దూర్చినపుడు స్ప్రింగు ఎదిరింపవలెను. తీసినపుడు బ్లేడును గట్టిగా పట్టవలెను. బంగారుపూత అరిగి ఇత్తడి కనబడుట దోషము గాదు; తుప్పుగుంటలు, పగుళ్ళు దోషములు. చిలుమును మెత్తని కుంచెతోను సబ్బునీటితోను పోగొట్టవలెను గాని, మరగుచున్న నీటిలో వేయరాదు. ఆ ప్లాస్టిక్కు దానికి తాళదు. ప్రాతరేజరుతో ప్రాతబ్లేడులు లభించినచో వానిని వాడక పారవేయవలెను. ఆనాటి సాదాయుక్కు తుప్పుపట్టుటకు పెట్టినది పేరు. పెట్టె క్రొత్తగా కనబడినంతమాత్రమున లోని పదును నమ్మదగినది గాదు.

క్రొత్తదాని గుణదోషములు

క్రొత్త ఇంజెక్టరునందు మొదటి లాభము నిశ్చయము. స్ప్రింగు క్రొత్తది, తల వంగలేదు, ఇంకొకరి చెంపను తాకలేదు. చెడినచో అమ్మినవాడు మార్చి యిచ్చునను నమ్మకము కలదు. నిండుక్కుతో చేసినదైనచో పూత లేచిపోవునను భయము లేదు, తరతరములు నిలువగలదు. కొన్నిటియందు బ్లేడు చొరవను చర్మమునకు తగినట్లు మార్చుకొను వీలును కల్పించియున్నారు.

దోషములలో మొదటిది, వెల. రెండవది, బరువు. ఉక్కుపిడి బరువే పనిచేయును, చేతితో నొక్కనక్కఱలేదని అలవాటు లేనివారికి తెలియదు, నొక్కుదురు, మంట పుట్టును. మూడవది, క్రొత్తవన్నియు నొకతీరువి గావు. తుత్తునాగపు మిశ్రమమును అచ్చుబోసి, పైన పూతపూసి చౌకగా అమ్మబడునవి పెక్కు కలవు. పూత చెదరినపిదప నీరు సోకి ఆ లోహము పొడియగును, ఇత్తడివలె నిలువదు. కావున క్రొత్తది కొనువారు దేనితో చేసిరో అడిగి, ఉక్కో ఇత్తడియో యని తెలిసికొని కొనవలెను. వాడుకలోనున్న మామూలు బ్లేడుపేటిక దానికి పట్టునో లేదో యను ప్రశ్నయు ముఖ్యమే. ఒక్క సంస్థ బ్లేడులకు కట్టుబడినచో, ఆ సంస్థ మూతపడిననాడు రేజరు బొమ్మ యగును.

ఏది యెవరికి?

రెండిటిని వాడి చూచి, వాడినవారిని విచారించి, మేము చేరిన నిర్ణయ మిది. లోహమును చేతబట్టి పరీక్షించు నేర్పుగలవారికి, కొనకముందే చూచు అవకాశముగలవారికి ప్రాతదే మేలు. తక్కువ వెలకు ఎక్కువ పనితనము దానియందే లభించును. చూడకుండ దూరమునుండి తెప్పించుకొనువారికి, మొదటిసారి పట్టువారికి, ఒకరికి కానుకగా ఇచ్చువారికి క్రొత్తది, అదియు ఉక్కుతో చేసినది, క్షేమము. ఏది కొన్నను, రేజరుకంటె ముందు బ్లేడు దొరకుచోటును విచారింపవలెను. ఇంజెక్టరు బ్లేడు మన యూరి అంగళ్ళయందు దొరకునది గాదు. మన దేశము మొదటినుండియు రెండంచుల బ్లేడునకే అలవాటుపడినది. బ్లేడు లేని రేజరు నూనె లేని దివ్వె.

వాడుకయందు మూడు మాటలు చాలును. వెండ్రుకను వేడినీటితో నానవలెను. చర్మమును రెండవచేతితో బిగలాగవలెను. మొదట వెండ్రుక వాలుననే గొరుగవలెను గాని ఎదురు పోరాదు. బ్లేడు మార్చునపుడు ప్రాతబ్లేడు వెలికివచ్చు ప్రక్కను తనవైపు గాని పిల్లలవైపు గాని త్రిప్పక, ఒక డబ్బాలోనికి త్రిప్పి త్రోయవలెను. ఆ డబ్బా నిండినపుడు మూసి పారవేయవలెను. చెత్తనెత్తువాని చేయియు చేయే.

దుకాణమున వలదు

ఇచ్చట మన వృత్తిలోనున్న సోదరులకు నొక్కి చెప్పవలసిన మాట యొకటి కలదు. ఇంజెక్టరు అందముగా నున్నదని, అతిథులు మెచ్చుకొందురని, దానిని దుకాణమున పదిమందికి వాడ తలపెట్టరాదు. అది యొక్కని చెంపకొఱకు పుట్టిన పనిముట్టు. దాని తలలోని సందులయందు రక్తలేశము నిలిచినచో కంటికి కనబడదు, కుంచెకు అందదు. బ్లేడు మార్చినను తల మాఱదు. కామెలను కలిగించు హెపటైటిస్ బి, సి క్రిములు రక్తముద్వారమున సోకునవి. 1986లో మన దేశమున హెచ్.ఐ.వి. మొదటిసారి కనుగొనబడిన తరువాత క్షౌరశాలలయందలి కత్తిని గూర్చి ప్రజలలో భయము పుట్టెను. ఆ భయము మన పొట్టమీద కొట్టునేమోయని పలువురు కలతజెందిరి.

అప్పుడు మనవారు చేసినదేమి? తాతలనాటి మడతకత్తిని పెట్టెలో పెట్టి, రెండంచుల బ్లేడును నడుమకు విఱిచి, సగమును పట్టుకొను పిడిని చేపట్టిరి. వచ్చినవాని యెదుటనే క్రొత్తబ్లేడు కాగితము విప్పుట ఆచారమైనది. తాతల కత్తిని విడుచుట చిన్న సంగతి గాదు. నూరి నూరి సగమరిగిన ఆ యలుగులో మూడుతరముల చేతివాటముండెను. అయినను వచ్చినవాని ప్రాణముకంటె అది యెక్కువ గాదని యెంచి విడిచిరి. ఏ చట్టమును చదువని వృద్ధులు సైతము ఈ మార్పును అంగీకరించుట మన కులచరిత్రమునందు వ్రాయదగిన ఘట్టము. ఆ పిడిని ప్రతివానికి ముందు కడిగి, క్రిమిసంహారకద్రవమున ముంచి తీయుట నేటికిని విడువరాదు. కొందఱు ఒక సగముతో ఇద్దఱికి పని జరుపుదురని వినుచున్నాము. అర్ధరూపాయి మిగులును, మూడువేలయేండ్ల విశ్వాసము పోవును.

ఉపసంహారము

పెరే మొదలు షిక్ వఱకు ఈ క్షురికలను కనిపెట్టినవారందఱును క్షురకుని చేతినేర్పును లోహమున పోతపోయ జూచిరి. కొంత సాధించిరనుటయు సత్యమే. నిత్యపు గడ్డము నూఱేండ్లలో మన చేతినుండి ఇంటింటి అద్దములకు తరలిపోయెను. దానికి వగచి ప్రయోజనము లేదు. ఎన్ని యంత్రములు వచ్చినను, కన్నులు మూసికొని తన కంఠమును ఇంకొకని కత్తిక్రింద నుంచు నమ్మకమును ఏ సంస్థయు అచ్చుబోయలేకపోయినది. అది మన పూర్వులు మనకిచ్చిన ఆస్తి. దానిని కాపాడుకొనుట ప్రాతక్షురికచేతనా, క్రొత్తక్షురికచేతనా యను ప్రశ్నకు తావులేదు, శుచియైన చేతిచేతనే.

మన పిల్లలు ఈ పనిముట్లను కొనుడు, సేకరింపుడు, వాని యంత్రరచనను తెలిసికొనుడు. వానిప్రక్కనే ఇంటి అటకమీద తుప్పుపట్టుచున్న తాతగారి కత్తిని గూడ దింపి, నూనె రాచి, దాని నడిగి చరిత్రమును వ్రాసికొనుడు. పోషకమహాశయులు అట్టి ప్రాతపనిముట్లను ఒకచోట చేర్చి భద్రపఱచుటకు తోడ్పడినచో, రాబోవు తరము మనలను తలచుకొనును.

శుభమస్తు.